ఖాళీల మేడమ్

ఆసుపత్రి వెనక కట్టడంలో, మూడో అంతస్తు చివర, లిఫ్టు మోటారు పక్కన ఒక చిన్న గది ఉంది. లిఫ్టు కదిలినప్పుడల్లా ఆ గది గోడ సన్నగా మూలుగుతుంది. కిటికీలోంచి చూస్తే దుప్పట్లు ఉతికే షెడ్డు కనిపిస్తుంది. అక్కడ ఎప్పుడు చూసినా ఆవిరే తప్ప మనుషులు కంటికి ఆనరు. ఆ గదిలో ఏళ్ళ తరబడి కూర్చుని పనిచేసిన ఆవిడను అందరూ ఖాళీల మేడమ్ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల.

ఆ పేరు ఊరికే రాలేదు. కొత్త మందుల మీద జరిగే పరీక్షల లెక్కలు తేల్చడం ఆవిడ పని. ఒక మందు పనిచేస్తుందో లేదో చూడాలంటే, జబ్బున్న వాళ్ళను చీట్లు తీసినట్టుగా రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి అసలు మాత్ర ఇస్తారు. రెండో గుంపుకి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇస్తారు. ఎవరు ఏది మింగుతున్నారో మింగేవాళ్ళకీ తెలియదు, ఇచ్చేవాళ్ళకీ తెలియదు. నెలనెలా వాళ్ళను రప్పించి, ఎలా ఉందో అడిగి రాసుకుంటారు. చివర్లో రెండు గుంపులనూ పోల్చి చూస్తారు. చెప్పుకోవడానికి ఇంతే. కానీ మనుషులు పెట్టినచోట ఉండరు కదా. కొందరు నాలుగు నెలలు వచ్చి ఐదో నెల నుంచి మొహం చాటేస్తారు. వాళ్ళ పేరుకు ఎదురుగా అంకె ఉండాల్సినచోట ఏమీ ఉండదు.

అందరి చూపూ ఉన్న అంకెల మీద ఉంటే, ఆవిడ చూపు ఆ లేనిచోటి మీదే ఉండేది. ఈయన ఎందుకు రాలేదు, ఆవిడకేమైంది అని డాక్టర్లనూ నర్సులనూ పీక్కు తినేది. ఆవిడ మెట్లెక్కి వస్తుంటే కుర్ర డాక్టర్లు తమలో తాము నవ్వుకునేవారు: ముందా కుర్చీలు సర్దండి, ఖాళీ కుర్చీ కనిపిస్తే అదెవరిదో తేలేదాకా కదలదు అని. ఆ మాట ఒకసారి ఆవిడ చెవిన పడింది. కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ వేళాకోళం కాస్త నచ్చింది కూడా. ఇంటికెళ్ళి చెప్పుకుని నవ్వుదామంటే ఇంట్లో ఎవరూ లేరు.

అంతకుముందు అమ్మ ఉండేది. రెండు గదుల వాటాలో ఇద్దరే. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. కావాలని మానుకున్నదీ కాదు, కాకుండా పోయినదీ కాదు. ఇప్పుడు కాదు, తరవాత చూద్దాం అనుకుంటూ ఉండగానే వయసు దాటిపోయింది. సాయంత్రం గడపలో చెప్పులు విప్పగానే అమ్మ అడిగేది, "ఇవాళ ఎవరు రాలేదే?" అని. కూతురు చెబితే విని, చుట్టాలింటి సంగతి విన్నట్టు నిట్టూర్చేది. "పాపం, కాళ్ళు రాక ఆగిపోయుంటాడు" అని తనే ఒక కారణం కల్పించేది. ఆ అమ్మ పోయాక ఇంట్లో మాట అనేది లేకుండా పోయింది. శుక్రవారం ఆఫీసులో ఎవరికో వస్తానని చెప్పిన గొంతు, మళ్ళీ సోమవారం పొద్దున పలకరింపు దగ్గర బొంగురుగా పలికేది. మధ్యలో ఆదివారం తమ్ముడి ఇంటినుంచి ఫోను వచ్చేది. "బాగున్నారా వదినా?" అని మరదలు అడిగేది. బాగున్నానని ఈవిడ చెప్పేది. ఆ తరవాత ఇద్దరూ ఏం మాట్లాడాలో తోచక ఎండ గురించో వాన గురించో నాలుగు ముక్కలు మాట్లాడుకుని పెట్టేసేవారు. మరదలు చెడ్డది కాదు. ఎటొచ్చీ ఇద్దరి మధ్యా మాట దొర్లేది కాదు, అంతే.

ఆ రోజుల్లో మోకాళ్ళ నొప్పుల మాత్ర మీద ఒక పరీక్ష ముగింపుకొచ్చింది. దాన్ని నడిపించింది పెద్ద డాక్టరు. తలపండిన మనిషి, మాట నెమ్మది. ఆ మాత్ర మీద ఆయనకు చాలా ఆశ ఉంది. పరీక్షకు వచ్చినవాళ్ళు పదికి ఎంత నొప్పి ఉందో నెలనెలా చెప్పాలి. ఏడాది పూర్తయ్యేసరికి ఎక్కువమంది ఉన్నారు గానీ, తక్కువేమీ కాని సంఖ్యలో కొందరు మధ్యలోనే జారిపోయారు. రెండు గుంపులకూ ఎరుపు, నీలం అని గుర్తులు పెట్టారు. వాటిలో అసలు మాత్ర ఎవరిదో చెప్పే కవర్లు సీలు వేసి పెద్ద డాక్టరు బీరువాలో ఉన్నాయి. ఖాళీల మేడమ్ కాగితాలు ముందేసుకుని చూస్తే, మానేసినవాళ్ళలో నీలం వాళ్ళే ఎక్కువున్నారు. నీలంలో చివరిదాకా నిలిచినవాళ్ళ నొప్పి మాత్రం చాలా తగ్గింది.

ఆవిడ పెద్ద డాక్టరు గదికి వెళ్ళి ఈ సంగతి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, వెళ్ళినవాళ్ళను వెనక్కి తేలేం కదా, నిలిచినవాళ్ళతోనే లెక్క తేల్చెయ్యండి అన్నాడు. అలా కుదరదంటే, పోనీ వాళ్ళు ఆఖరుసారి వచ్చినప్పుడు ఎంత చెప్పారో అదే చివరిదాకా ఉందనుకుందాం అన్నాడు. చాలామంది అలాగే చేస్తారు కదా అని కూడా గుర్తుచేశాడు.

ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. వేళ్ళు మడిచి చెప్పుకొచ్చింది. ఒకడు బస్సు దొరక్క రాలేదనుకోండి, దానికీ మోకాలి నొప్పికీ పొత్తు లేదు, ఆ ఖాళీతో పెద్ద చిక్కు లేదు. ఇంకొకావిడ వయసు మీదపడి రాలేదు, ఆవిడ వయసు మన దగ్గరుంది కాబట్టి అలాంటివాళ్ళను చూసి ఈవిడ ఎలా ఉండి ఉంటుందో కొంత ఊహించవచ్చు. ఆ ఊహ కూడా ఒక్కటి చేసి ఊరుకోకూడదు. పదిసార్లు వేరువేరుగా ఊహించి, ఆ ఊహలు ఎంత తేడాగా వస్తున్నాయో చూసుకుంటే, మనకెంత తెలియదో అది కూడా లెక్కలోకి వస్తుంది. అసలు చిక్కు మూడో రకంతో.

"మాత్ర పడక, నొప్పి పెరిగి మానేసినవాళ్ళుంటే సార్, మనం చూడాల్సింది వాళ్ళనే. వాళ్ళని తీసేసి మిగిలినవాళ్ళు బాగున్నారంటే, బాగున్నవాళ్ళు బాగున్నారని చెప్పినట్టేగా."

"ఆ మూడో రకం ఎవరో మీకెలా తెలుస్తుంది?"

"కాగితాల్లో తెలీదు సార్. అడగాలి."

పెద్ద డాక్టరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. రానివాళ్ళకు ఫోన్లు చేయాల్సిన నర్సు ఎప్పుడో ఉద్యోగం మానేసి ఊరు మారిపోయింది. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. చివరికి ఆయన, పరీక్షల మంచిచెడ్డలు చూసే కమిటీ అనుమతి తీసుకోండి, అడిగేదేదో మీరే అడగండి అన్నాడు. కసురుకున్నట్టు అన్నాడు గానీ సంతకం వెంటనే పెట్టాడు.

అన్నేళ్ళుగా ఈ మనుషుల లెక్కలు చూసిన ఆవిడ, వాళ్ళలో ఒక్కరితోనైనా మాట్లాడి ఎరగదు. మొదటి ఫోను చేసేముందు గ్లాసుడు నీళ్ళు తాగింది. అవతలివాళ్ళు కొందరు విసుక్కున్నారు, కొందరు రాంగ్ నంబరని పెట్టేశారు. కడుపులో మంటపుట్టి మానేశామని నీలం వాళ్ళు కొందరు చెప్పారు. ఒకాయన తన సంగతి వదిలేసి కోడలి మీద చాడీలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ అడ్డుపడకుండా అంతా విన్నది. ఆఖరున, నొప్పి పదికి ఎంతో చెప్పమని అడిగితే, "దానికంటే ఇదే ఎక్కువమ్మా" అన్నాడాయన.

ఒక నంబరుకు మాత్రం సైకిల్ షాపు వాడు పలికాడు. ఆ నంబరిచ్చిన మనిషి షాపు పై గదిలో ఉంటాడనీ, కిందికి దిగలేడనీ, మాట్లాడాలంటే రావాల్సిందేననీ చెప్పాడు. పైకి వెళ్ళి అడిగి వచ్చి, రమ్మంటున్నాడని కూడా చెప్పాడు.

శనివారం ఆవిడ వెళ్ళింది. ఇరుకు సందు, కింద ట్యూబులు వేలాడుతున్న షాపు, పక్కనుంచి నిటారుగా ఇనుప మెట్లు. పైన ఒకటే గది. గోడకు ఆనించి సగం రాసిన బోర్డులు, ఎండిపోయిన రంగు డబ్బాలు, మూలన మడిచిపెట్టిన పొడవాటి నిచ్చెన. ఆయన దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. జీవితమంతా నిచ్చెనల మీద నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. భార్య పోయింది. కూతురు వేరే ఊళ్ళో కాపురం ఉంటోంది.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా మీకు?" అన్నాడు, కూర్చోమనకుండానే.

ఆవిడ తప్పయిపోయిందని మాత్రం అంది. ఆ మాటకు ఆయన మెత్తబడి, ఉన్న ఒక్క కుర్చీ మీది బ్రష్షులు తీసి కింద పెట్టాడు. అప్పుడే ఆవిడ ఆయన కుడిచేయి చూసింది. ఒళ్ళో పెట్టుకున్నా ఊరికే ఉండటం లేదు. బొటనవేలూ చూపుడువేలూ కనిపించని గింజనేదో నలుపుతున్నట్టున్నాయి.

ఆయన చెప్పిన సంగతి ఇది. మాత్ర మొదలుపెట్టాక మొదటి రెండు నెలలూ మోకాలు తేలికపడింది. తరవాత చేతికి వణుకు పట్టుకుంది. ఇది మాత్ర చేసిన పనేనని మానేశాడు. ఆ మాట చెబుదామని ఆసుపత్రికి వెళితే నర్సు లేదు, ఎవరిని అడిగినా ఇంకొకరి మీదికి తోశారు. బెంచీ మీద కూర్చుని కూర్చుని తిరిగొచ్చేశాడు. మళ్ళీ ఎవరూ పిలవలేదు. మందు ఒంట్లోంచి దిగిపోతే చెయ్యి అదే సర్దుకుంటుందని చూస్తున్నాడు.

ఆవిడ పద్ధతి ప్రకారం నొప్పి పదికి ఎంతని అడిగింది.

"మెట్లు దిగేటప్పుడు ఎనిమిది. ఇలా మీతో మాట్లాడుతుంటే రెండు. ఏది రాసుకుంటారు?"

వారమంతా కలిపి సగటున ఎంతో చెప్పాలని ఆవిడ అంది. ఆయన కాసేపు ఆలోచించి ఏడు వేసుకోమన్నాడు. ఆ తరవాత, కావాలనే దాచిపెట్టుకున్నట్టున్న ప్రశ్న బయటికి తీశాడు. "నాకిచ్చింది అసలు మాత్రా, ఉత్తదా?"

"నాకు తెలీదండీ. అందరిదీ అయ్యాక తెలుస్తుంది. తెలియగానే మీకు చెప్తాను."

ఆయన నమ్మినట్టు లేడు. అయినా ఆవిడ లేవబోతుంటే ఆపి, మీకేమైనా నొప్పులున్నాయా అని అడిగాడు. లేవని చెబుదామని నోరు తెరిచింది. ఏమైందో, అమ్మ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ ఆఖరి రోజుల గురించి, సాయంత్రాల గురించి, వంట ఒక్కదానికోసం చేసుకుంటే ఎంత చేసినా మిగిలిపోవడం గురించి. చాలాసేపు మాట్లాడానని ఆవిడకు తెలిసింది కిటికీలో వెలుతురు మారాకే. పెయింటరు కదలకుండా విన్నాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. దానికి ఆవిడ మనసులోనే దండం పెట్టుకుంది.

మెట్లు దిగబోతూ గోడకానించిన బోర్డు ఒకటి చూసింది. మొదటి అక్షరం అరచేయంత ఉంది. పోనుపోను అక్షరాలు చిన్నవై, చివరి అక్షరం ఒదిగిపోయి ముడుచుకుపోయింది. ఎందుకలా రాశారని అడిగితే, నేను రాయలేదమ్మా, చెయ్యే రాసింది అన్నాడాయన.

సోమవారం ఆవిడ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి, మాత్ర వల్ల వచ్చిన ఇబ్బందుల్లో ఇదొకటి చేర్చాలని చెప్పింది. ఆయన వింటూ రాసుకుంటున్నవాడల్లా కలం ఆపాడు.

"మాత్ర మానేసి ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది తొమ్మిది నెలలు కావస్తోంది సార్."

"ఇంకా వణుకుతోందా?"

"పెరిగిందంటున్నారు." బోర్డు మీద అక్షరాలు చిన్నవైపోయిన సంగతి కూడా చెప్పింది.

పెద్ద డాక్టరు కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. అది మాత్ర పని అయి ఉండదనీ, నరాల డాక్టరుకు వెంటనే చూపించాలనీ అన్నాడు. వైద్యం చేసేవాళ్ళకు ఆయన మింగిందేమిటో తెలియాలి కాబట్టి, ఆ ఒక్క కవరు తెరుస్తానన్నాడు. ఆవిడ గబగబా తలుపు వైపు నడిచింది. తనకు తెలియకూడదు. తెలిస్తే ఆ తరవాత తేల్చే లెక్క మీద తనకే అనుమానం పుడుతుంది. బయట నడవాలో గోడవైపు తిరిగి నిలబడింది. లోపల కవరు చింపిన చప్పుడు, ఆ వెంటనే పెద్ద డాక్టరు దీర్ఘంగా విడిచిన ఊపిరి వినిపించాయి. ఆయన తలుపు తీసి, రేపే తీసుకురండి అన్నాడు, ఆవిడ మొహంలోకి చూడకుండా. చూస్తే మొహంలో చదివేస్తుందని భయపడ్డాడు కాబోలు.

నరాల డాక్టరు నడిపించి చూశాడు, వేళ్ళు ఆడించమని చూశాడు, ఒక వాక్యం రాయమని చూశాడు. ఇది నెమ్మదిగా ముదిరే నరాల జబ్బేననీ, పూర్తిగా పోదు గానీ మందులతో అదుపులో పెట్టవచ్చనీ చెప్పాడు. ముందే వచ్చి ఉంటే ఇన్నాళ్ళ తిప్పలు తప్పేవన్నాడు. ఆవిడ పక్కనే నిలబడి విన్నది. ఆయన బెంచీ మీద కూర్చుని కూర్చుని తిరిగొచ్చేసిన రోజు గుర్తొచ్చింది. పెయింటరు మాత్రం జబ్బు పేరు రెండుసార్లు అడిగి, నోట్లో తిప్పుకుని, అక్షరాలు ఎక్కువున్న పేరేనండీ, బోర్డుకి పట్టదు అన్నాడు.

తరవాతి రెండు మూడు నెలలు ఆవిడ శనివారాలు ఆ ఇనుప మెట్లెక్కింది. మందులు సరిగా వేసుకుంటున్నాడో లేదో చూడటానికని తనకు తను చెప్పుకునేది. పండో ఫలమో తీసుకెళ్ళేది. ఆయన ఏ దుకాణం బోర్డు ఎప్పుడు రాశాడో, ఏ యజమాని ఏ అక్షరానికి పేచీ పెట్టాడో చెప్పేవాడు. కొత్త మందుతో చెయ్యి కొంత నిలకడపడింది. బోర్డులు రాసేంత కాదు గానీ, బొత్తాలు పెట్టుకునేంత. ఆదివారం ఫోనులో మరదలు, ఏంటి వదినా గొంతు బాగుంది అని ఒకసారి అడిగింది కూడా. ఈవిడ మాట ఎండ మీదికి మళ్ళించింది. చెప్పడానికి ఏముందనుకుంది.

ఒక శనివారం వెళ్ళేసరికి కూతురు వచ్చి ఉంది. పద్ధతైన పిల్ల, కాళ్ళు కడుక్కోండి ఆంటీ అని చెంబు అందించింది. నాన్నను తనతో తీసుకెళుతున్నానని చెప్పింది. ఈ మెట్లు ఇక ఆయనవల్ల కావు, అక్కడైతే ఇల్లు నేలమీదే. ఆవిడ మంచి పని చేస్తున్నావమ్మా అంది. మనస్ఫూర్తిగానే అంది. పెయింటరు బ్రష్షులన్నీ ఒక గుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు, ఇక పట్టుకోనని తెలిసి కూడా. వాన్ కదిలేముందు ఆయన కిటికీలోంచి, నా మాత్ర సంగతి మరిచిపోకండి అన్నాడు. ఆవిడ తలూపింది. వాన్ సందు మలుపు తిరిగాక సైకిల్ షాపు వాడు పని చేసుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడకు ఎటు నడవాలో ఒక్క క్షణం తోచలేదు.

లెక్క తేల్చే రోజు వచ్చింది. ఏం చేయబోతోందో ముందే కాగితం మీద పెట్టి సంతకాలు తీసుకుంది కాబట్టి, ఫలితం చూశాక మాట మార్చడానికి ఎవరికీ వీల్లేదు. సీళ్ళు విప్పారు. నీలమే అసలు మాత్ర. నిలిచినవాళ్ళను మాత్రమే చూస్తే మాత్ర గొప్పగా పనిచేసింది. కడుపుమంటతో మానేసినవాళ్ళు ఫోన్లో చెప్పిన అంకెలు కూడా కలిపితే ఆ గొప్పదనం సగానికి పైగా కరిగిపోయింది. ఫోనుకు కూడా దొరకనివాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళ నొప్పి మనం ఊహించినదానికంటే కాస్త ఎక్కువుందనుకుంటే ఏమవుతుంది, ఇంకాస్త ఎక్కువుందనుకుంటే ఏమవుతుంది అని ఆవిడ మెట్టుమెట్టుగా దిగుతూ చూసింది. ఎంతో దూరం దిగకుండానే రెండు గుంపుల మధ్య మిగిలిన ఆ కాస్త తేడా కూడా నిలవకుండా పోయింది.

ఆ కాగితం పెద్ద డాక్టరు ముందు పెట్టి ఆవిడ నిలబడింది. ఆయన పైనుంచి కిందికి చదివాడు, మళ్ళీ చదివాడు. ఆయన అమ్మ మోకాళ్ళ నొప్పులతో మంచం పట్టే పోయిందని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి, వెనక్కి తిరక్కుండానే, "ఉన్నదున్నట్టు రాసెయ్యండి" అన్నాడు. కాసేపాగి, "కడుపుమంట సంగతి ముందు పేజీలోనే రాయండి" అన్నాడు.

గదికి తిరిగొచ్చి ఆవిడ పెయింటరు కూతురి నంబరుకు ఫోను చేసింది. కూతురు క్షేమం అడిగి తండ్రికి ఇచ్చింది. ఆయన గొంతు సన్నగిల్లింది, చెవి ఆనించి వినాల్సి వచ్చింది. మీది ఎరుపు గుంపు, ఉత్త మాత్ర అని చెప్పింది.

ఆయన ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు.

"అయితే మొదటి రెండు నెలలు మోకాలు తగ్గిందే, అదెట్లా?"

అలా జరుగుతుందండీ, మీ గుంపులో చాలామందికి మొదట్లో కొంత తగ్గింది అని ఆవిడ చెప్పింది.

"ఆ నర్సమ్మ నెలనెలా కూర్చోబెట్టి అడిగేది" అన్నాడాయన. "ఎలా ఉన్నారు, పనికెళ్తున్నారా, నిద్ర పడుతోందా అని. మా ఆవిడ పోయాక అట్లా అడిగినవాళ్ళు లేరు." తరవాత నవ్వినట్టు వినిపించింది. "మీరు మాట నిలబెట్టుకున్నారు. అప్పుడప్పుడూ చేస్తుండండి."

ఆవిడ చేసింది. మొదట్లో పదిహేను రోజులకోసారి మాట్లాడేవాడు. తరవాత కూతురే ఎత్తి, నాన్న పడుకున్నారు ఆంటీ, మీరు చేశారని చెప్తాను అనేది. ఆయన మాట బాగా తడబడుతోందని, ఫోనంటే సిగ్గుపడుతున్నాడని ఒకసారి చెప్పింది. ఆ పిల్లను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఈవిడ ఫోన్లు తగ్గించింది. ఆ తరవాత ఎప్పుడు మానేసిందో తనకే గుర్తులేదు.

మరుసటి ఏడు ఉబ్బసం మందు మీద కొత్త పరీక్ష మొదలైంది. మాత్ర మానేసినవాళ్ళను కూడా చివరిదాకా అడగాలని అందులో మొదటి పేజీలోనే రాశారు, అడగడానికి ఒక మనిషిని కూడా వేశారు. చలాకీ అమ్మాయి, ఫోనులో అందరినీ బాబాయ్, పిన్నీ అంటూ ఇట్టే కలుపుకుపోతుంది. కాగితాల్లో ఖాళీలు బాగా తగ్గాయి. లెక్క తేలిగ్గా తేలుతోందని ఖాళీల మేడమ్‌కు సంతోషమే. సాయంత్రాలు ఆ అమ్మాయి ఫోన్లు చేస్తుంటే గోడవతల నుంచి మాటలు వినిపిస్తాయి. ఆవిడ పని ముగిసినా వెంటనే లేవదు. సంచీ సర్దుకుని, ఒళ్ళో పెట్టుకుని, ఎవరో ఎవరినో ఎలా ఉన్నారని అడుగుతుంటే వింటూ కాసేపు అలాగే కూర్చుంటుంది. ఆ తరవాత లైటు ఆర్పి, గది తాళం వేసి, మెట్లు దిగి బస్సుకు వెళుతుంది.